ఒక్క వంతెన కూలినా... ఊరు ఆగకూడదు!

*చార్మినార్ దగ్గర గాజులు కొన్నా, ఇంట్లో కూర్చుని రైలు టికెట్ తీసుకున్నా... ఆ పని జరిగేది ఎక్కడో ఉన్న కంప్యూటర్లలో. అవి పాడవకుండా ఉండవు. అయినా మన పని మాత్రం ఆగకూడదు. ఎలా? ఆ కిటుకు తెలియాలంటే మూసీ ఒడ్డుకు వెళ్లాల్సిందే!*

దసరా సెలవులకు ఊరెళ్దామని సంచులు సర్దుకుని హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌కు చేరారు జనం. 2025 సెప్టెంబరు 26 రాత్రి అది. ఎగువన భారీ వానలు. జంట జలాశయాల గేట్లు ఎత్తారు. చూస్తుండగానే మూసీ పొంగి బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. లోపల చిక్కుకుపోయినవాళ్లను సహాయ సిబ్బంది బయటికి తెచ్చారు. నగరం నడిబొడ్డున ఉన్న అంత పెద్ద బస్‌స్టేషనూ మూతపడింది.

మరి బస్సులు ఆగిపోయాయా? లేదు. వరంగల్ వైపు వెళ్లేవాటిని ఉప్పల్ నుంచి, నల్గొండ, విజయవాడ వైపువి ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు వైపువి ఆరాంఘర్ నుంచి, కరీంనగర్, ఆదిలాబాద్ వైపువి జేబీఎస్ నుంచి నడిపింది ఆర్టీసీ. జనం తిప్పలు పడ్డారు. ఆటోలు పట్టుకుని అటూ ఇటూ పరుగులు తీశారు. కానీ పండక్కి ఊళ్లకు వెళ్లే దారి మాత్రం మూసుకుపోలేదు.

సరిగ్గా ఇదే పనిని మన కంటికి కనిపించకుండా కంప్యూటర్లు రోజూ చేస్తుంటాయి. ఒకటి పడిపోతే దాని పనిని పక్కది అందుకుంటుంది. అదీ... సంచులు మోసుకుంటూ మనం పరుగెత్తాల్సిన పని లేకుండా, రెప్పపాటులో! సాంకేతిక భాషలో దీన్నే సర్వర్ క్లస్టరింగ్ అంటారు. వచ్చే జనాన్ని కంప్యూటర్లన్నిటికీ సమంగా పంచే పద్ధతి పేరు లోడ్ బ్యాలెన్సింగ్.

పేర్లు చూసి ఇదేదో ఇంజినీర్ల గొడవ అనుకోకండి. లాడ్‌బజార్‌లో అమ్మాయి పెళ్లికి గాజులు కొని ఫోన్‌తో డబ్బు చెల్లించినా, మీ సేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టినా, రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసినా... వెనక నుంచి మన పని నడిపించేది ఇదే.

కౌంటర్లు ఎన్నో... క్యూ ఒక్కటే!

సర్వర్ అంటే మనం అడిగింది అందించే కంప్యూటర్. ఒకే సర్వర్ ఉందనుకోండి. హాయిగా ఉన్నన్నాళ్లూ హాయే. దాని డిస్కు చెడినా, కరెంటు పోయినా, చివరికి ఎవరైనా చూసుకోకుండా తీగ లాగేసినా అంతా ఆగిపోతుంది. అది చెడిపోకపోయినా ఇంకో చిక్కుంది. ఇంటర్ ఫలితాల రోజు గుర్తుచేసుకోండి. లక్షల ఇళ్లలో ఒకే నిమిషంలో అందరూ హాల్‌టికెట్ నంబరు కొడతారు. పిల్లాడి గుండె దడదడలాడుతుంటుంది. తెరమీద చక్రం మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. సర్వర్ చెడిపోలేదు... ఊపిరాడక నిలబడిపోయింది!

దీనికి విరుగుడేమిటో హైదరాబాదీలు కంప్యూటర్ల కంటే ముందు కౌంటర్ల దగ్గరే చూశారు. 1990ల్లో కరెంటు బిల్లు కట్టాలంటే ఒక ఆఫీసు, నల్లా బిల్లుకు ఇంకో ఆఫీసు, ఆస్తిపన్నుకు మరో ఆఫీసు. ఒక్కోచోట ఒక్కో చాంతాడంత క్యూ. 1999 డిసెంబరులో జంటనగరాల్లో 'ట్విన్స్' పేరుతో ప్రయోగాత్మకంగా ఒక ఏర్పాటు మొదలైంది. 2001 ఆగస్టులో అదే 'ఈ-సేవ'గా మారింది. ఏ కౌంటర్ దగ్గరైనా ఏ బిల్లయినా కట్టొచ్చు. ఒక కౌంటర్లో కంప్యూటర్ మొరాయిస్తే పక్క కౌంటర్‌కు వెళితే చాలు. 2011లో వచ్చిన 'మీ సేవ' ఈ బాటలో వేసిన తర్వాతి అడుగే.

ఈ ఏర్పాటులో ఓ సూక్ష్మం ఉంది. కౌంటర్లన్నీ ఒకే పని చేయగలవి కావాలి. ఎవరు ఏ కౌంటర్‌కు వెళ్లినా లెక్క మాత్రం ఒకేచోట ఉండాలి. దుకాణంలో పదిమంది గుమాస్తాలున్నా ఖాతా పుస్తకం ఒకటే ఉన్నట్టు! సర్వర్ల క్లస్టర్‌కూ ఈ రెండే మూలసూత్రాలు.

సికింద్రాబాద్ చూపిన దారి

ఇదే సూత్రం రైల్వే రిజర్వేషన్‌లో ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. ఒకప్పుడు బెర్తుల వివరాలు చేతిరాత పుస్తకాల్లో ఉండేవి. ఏ రైలు పుస్తకం ఏ గుమాస్తా దగ్గరుంటే ఆ కిటికీ దగ్గరే నిలబడాలి. 1985లో దిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది. తర్వాత మిగతా పెద్ద నగరాలకూ విస్తరించినా ఎక్కడి కంప్యూటర్ అక్కడే! ఆ కంప్యూటర్లన్నిటినీ కలపడానికి 'కాన్సర్ట్' అనే కొత్త వ్యవస్థ తయారైంది. దాన్ని తొలిసారి అమల్లోకి తెచ్చింది ఎక్కడో తెలుసా... మన సికింద్రాబాద్‌లో, 1994లో! 1999 నాటికి దిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఏ ఊళ్లో నిలబడి ఏ ఊరి టికెట్ అయినా తీసుకునే వీలు అలా వచ్చింది.

2002లో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్ వచ్చాక క్యూ ఇంట్లోకే వచ్చేసింది. దానితోపాటే తత్కాల్ తిప్పలూ! ఆ రద్దీ తట్టుకోవడానికి 2014లో కొత్త వ్యవస్థ పెట్టారు. అంతకుముందు నిమిషానికి 2 వేల టికెట్లు ఇవ్వగలిగితే, కొత్తదాన్ని 7,200 టికెట్లు ఇచ్చేలా తయారుచేశారు. ఇలాంటి సామర్థ్యం ఒక్క రాక్షస కంప్యూటర్‌తో వచ్చేది కాదు. చాలా సర్వర్లను పక్కపక్కన నిలబెట్టి, పనిని పంచితే వచ్చేది.

ఎవరి బల్ల వాళ్లదే

సరే... పనిని పంచేదెవరు? ఒక పద్ధతిలో, మదీనా కూడలిలో ట్రాఫిక్ పోలీసు నిలబడినట్టు సర్వర్ల ముందు ఓ యంత్రం ఉంటుంది. అదే లోడ్ బ్యాలెన్సర్. వచ్చినవాళ్లను వరసగా ఒక్కో సర్వర్‌కు ఒకరి చొప్పున పంపుతుంది. లేదంటే ఏ సర్వర్ దగ్గర జనం తక్కువగా ఉన్నారో చూసి అటు పంపుతుంది. మనకు మాత్రం బయటికి ఒకే చిరునామా కనిపిస్తుంది.

మరి ఆ పోలీసే సెలవు పెడితే? అందుకే లోడ్ బ్యాలెన్సర్లనూ జంటగా పెడతారు. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది.

అసలు పోలీసే అక్కర్లేని పద్ధతీ ఒకటుంది. పాతబస్తీలో కిటకిటలాడే ఓ ఇరానీ హోటల్‌ను ఊహించుకోండి. 'ఏడో నంబరు బల్లకు రెండు చాయ్!' అని కేక వినిపిస్తుంది. ఆ కేక అందరికీ వినబడుతుంది. ఏడో బల్ల ఎవరిదో అతనొక్కడే కదులుతాడు. మిగతావాళ్లు తమది కాదని వదిలేస్తారు. 2000 సంవత్సరంలో వచ్చిన విండోస్ సర్వర్లలో మైక్రోసాఫ్ట్ పెట్టిన 'నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సింగ్' పనిచేసేది ఇలాగే. వచ్చిన ప్రతి అభ్యర్థనా గుంపులోని సర్వర్లన్నిటికీ చేరుతుంది. ముందే ఒప్పుకున్న లెక్క ప్రకారం అది ఎవరి వంతో వాళ్లే తీసుకుంటారు. ఇలా 32 సర్వర్ల దాకా ఒక జట్టు కట్టొచ్చు.

గుండె కొట్టుకుంటోందా?

జట్టులో ఒకరు పడిపోయారని మిగతావాళ్లకు తెలిసేదెలా? దానికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు చిత్రంగా ఉంటుంది... హార్ట్‌బీట్! ప్రతి సర్వరూ తన తోటివాళ్లకు 'నేనున్నా' అని సంకేతం పంపుతూనే ఉంటుంది. ఇందాక చెప్పుకున్న మైక్రోసాఫ్ట్ పద్ధతిలో మామూలుగా సెకనుకోసారి పంపుతాయి. వరసగా అయిదుసార్లు చప్పుడు వినబడకపోతే మిగతావి ఒక నిర్ణయానికి వచ్చేస్తాయి. అతని బల్లల్ని తమలో తాము పంచేసుకుంటాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1974లో అమెరికాలో పుట్టిన టాండెమ్ అనే కంపెనీ ఒక భాగం చెడినా ఆగని కంప్యూటర్లను 'నాన్‌స్టాప్' పేరుతో తెచ్చింది. వాటిని ముందుగా కోరుకున్నది బ్యాంకులే. 1980ల్లో డిజిటల్ అనే కంపెనీ కంప్యూటర్లను గుంపుగా కట్టి ఒక్కటిగా నడిపించే 'వ్యాక్స్‌క్లస్టర్'ను తయారుచేసింది.

అయితే ఒక ప్రమాదం ఉంది. రెండు సర్వర్లూ బాగానే ఉండి, వాటి మధ్య తీగ మాత్రమే తెగిపోతే? అవతలివాడు పోయాడని ఎవరికి వారే అనుకుంటారు. ఇద్దరూ పెత్తనం తీసుకుంటారు. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మేస్తారు! అన్నదమ్ములిద్దరికీ మాటల్లేక, ఒకే ఇల్లు ఇద్దరూ చెరొకరికి రాసిచ్చినట్టు. అందుకే క్లస్టర్‌లో మూడో సాక్షి ఉండాలంటారు. ముగ్గురిలో ఇద్దరు ఎటుంటే పెత్తనం అటే. ఒంటరిగా మిగిలినవాడు బాగానే ఉన్నా నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. తగవులో పెద్దమనిషి ఎందుకుండాలో మన పెద్దలకు ఎప్పుడో తెలుసు కదా!

తొమ్మిదుల లెక్క

'మా సేవ 99 శాతం అందుబాటులో ఉంటుంది' అని ఎవరైనా చెబితే గొప్పగా అనిపిస్తుంది. లెక్కేసి చూడండి. మిగిలిన ఆ ఒక్క శాతమే ఏడాదికి మూడున్నర రోజులకు పైన! 99.9 శాతమైతే ఏడాదిలో దాదాపు పావు తక్కువ తొమ్మిది గంటలు ఆగుతుంది. 99.99 అయితే 53 నిమిషాల లోపు. 99.999 అంటే అయిదు నిమిషాలు దాటి కాస్త. ఒక్కో తొమ్మిది చేర్చాలంటే ఖర్చు మాత్రం తడిసి మోపెడవుతుంది.

రెండు సర్వర్లు పెడితే ఏమవుతుంది? ఒక్కొక్కటీ నూటికి ఒకసారి ఆగేదే అయినా, రెండూ ఒకేసారి ఆగే అవకాశం పదివేలకు ఒకటి. అంటే 99 కాస్తా 99.99 అయిపోయింది. చవక సర్వర్లు రెండు కలిస్తే ఖరీదైనదానితో సమానం.

కానీ రెండు షరతులున్నాయి. ఒకటి, మిగిలినదానికి మోసే సత్తువ ఉండాలి. రెండు సర్వర్లూ చెరో 80 శాతం బరువు మోస్తున్నాయనుకోండి. ఒకటి పడితే రెండోదాని నెత్తిన 160 శాతం పడుతుంది. అదీ చతికిలబడుతుంది. కాబట్టి రెండున్నప్పుడు ఒక్కొక్కటీ సగానికి మించి మోయకూడదు. నాలుగుంటే ఒక్కొక్కటీ 75 శాతం దాకా మోయొచ్చు. ఒకటి పోయినా ఆ భారం మిగతా మూడింటికీ సరిపోతుంది.

రెండో షరతే అసలైంది. అది తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

ఆ రోజు నాలుగు వంతెనలు

1908 సెప్టెంబరు 28. హైదరాబాద్ మరచిపోలేని రోజు. మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉన్నది ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో. అప్పటికి నగరంలో నదిమీద నాలుగు వంతెనలు. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. మిగిలింది 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ ఒక్కటే! చార్మినార్ కంటే పెద్దదైన ఆ ముసలి వంతెనే ఆ కష్టకాలంలో నదికి అటూ ఇటూ ఉన్న నగరాన్ని కలిపి ఉంచింది.

లెక్క ప్రకారం నాలుగు వంతెనలుంటే భయం ఉండకూడదు. ఒకటి పోతే మూడుండాలి. కానీ అన్నీ ఒకే నదిమీద ఉన్నాయి. ఒకే వరద అన్నిటినీ తాకింది. ఇందాకటి 'పదివేలకు ఒకటి' లెక్క నిజమయ్యేది రెండూ వేర్వేరు కారణాలతో చెడిపోయినప్పుడే. రెండింటికీ కరెంటు ఒకే తీగ నుంచి వస్తుంటే, రెండూ ఒకే గదిలో ఉంటే అవి ఎన్నున్నా ఒక్కటే కింద లెక్క. అందుకే పెద్ద సంస్థలు దూరంగా వేరే ఊళ్లో రెండో డేటా సెంటర్ పెట్టుకుంటాయి. ఆధార్ విషయమే చూడండి. బెంగళూరులో ఒకటి, హరియాణాలోని మానేసర్‌లో ఒకటి.

దూరంగా పెట్టినా ఒక్కోసారి సరిపోదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా చూసింది. వేల మైళ్ల దూరంలో ఉన్నా అన్నిటిలోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేర్... అంటే అవన్నీ ఒకే నదిమీది వంతెనలు! ఆ రోజు ఆదుకున్న పురానాపూల్ ఏమిటంటారా? కాగితం, కలం.

వరదను పైనే ఆపాలి

1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909లో వచ్చిన ఆయన ఇంకో నాలుగు వంతెనలు కట్టమని సరిపెట్టలేదు. వరదను ఊళ్లోకి రాకముందే ఎగువన ఆపి, మెల్లమెల్లగా వదలాలన్నారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. ఒకటి కాదు, రెండు... వేర్వేరు పాయలమీద!

కంప్యూటర్ ఇంజినీర్లు ఇప్పుడు చేస్తున్నదీ అదే. ఎన్ని సర్వర్లు చేర్చినా వరద పెరుగుతూనే ఉంటుంది. 2025 ఆగస్టులో దేశంలో యూపీఐ లావాదేవీలు తొలిసారి నెలకు 2 వేల కోట్లు దాటాయి. అంతకుముందు ఏప్రిల్ 12న యూపీఐ గంటల తరబడి మొరాయించింది. దానికి కారణం డబ్బు పంపేవాళ్లు ఎక్కువవడం కాదు. 'ఆ లావాదేవీ ఏమైంది... ఏమైంది?' అని కొన్ని బ్యాంకుల వ్యవస్థలు మళ్లీ మళ్లీ అడగడం! ఆ ప్రశ్నలే వరదై ముంచాయి. తర్వాత ఆ ప్రశ్నలకు గేట్లు బిగించారు. 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి ఖాతాలో నిల్వ చూసుకోకుండా పరిమితి పెట్టారు. విశ్వేశ్వరయ్య సూత్రమే... ఎగువన ఆపు, మెల్లగా వదులు.

అయినా జలాశయాలకూ ఓ హద్దుంటుంది. 2025 సెప్టెంబరులో గేట్లెత్తక తప్పలేదు, బస్‌స్టేషన్ మునగకా తప్పలేదు. ఏ ఏర్పాటూ నూటికి నూరు శాతం కాదు. అందుకే చివరి మెట్టు ఎప్పుడూ మనిషిదే. ఉప్పల్‌లో, ఆరాంఘర్‌లో నిలబడి 'మీ బస్సు ఇక్కడి నుంచే' అని దారి చూపే మనిషి కావాలి. వేలిముద్ర పడలేదని ముసలమ్మను బియ్యం లేకుండా పంపేయకుండా వేరే దారి వెతికే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే తెరమీద ఎన్ని తొమ్మిదులున్నా ఆ ఇంటికి ఆ పూట సున్నాయే!

మన ఇంట్లోనూ ఓ పురానాపూల్!

* బజారుకు వెళ్లేటప్పుడు ఫోన్‌తోపాటు కాస్త నగదూ దగ్గర పెట్టుకోండి.

* రెండు యాప్‌లున్నా ఖాతా ఒకే బ్యాంకుదైతే అది ఒకే వంతెన. వీలైతే రెండో బ్యాంకు ఖాతా కూడా ఉంచుకోండి.

* డబ్బు వెళ్లిందో లేదో తేలకపోతే వెంటనే మళ్లీ పంపకండి. కాసేపు ఆగి ఖాతా చూసుకోండి. లేకపోతే రెండుసార్లు కట్టినట్టవుతుంది.

* ఫలితాల రోజు అదేపనిగా రిఫ్రెష్ కొట్టకండి. ప్రతి నొక్కుడూ క్యూలో కొత్త మనిషితో సమానం.

* ఫీజుకూ దరఖాస్తుకూ చివరి రోజుదాకా ఆగకండి. అందరూ ఆగేది ఆ రోజుదాకానే!

* హాల్‌టికెట్లు, ధ్రువపత్రాలు ఫోన్‌లో ఉన్నా ఒక కాగితం నకలు బీరువాలో ఉంచండి.

* ముఖ్యమైన ఫోన్ నంబర్లు రెండు మూడైనా ఓ పుస్తకంలో రాసిపెట్టుకోండి. కుటుంబ ఫొటోల నకలు ఇంకో ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరో, అన్నయ్య దగ్గరో ఉంచితే అదే మీ రెండో డేటా సెంటర్!

ఈసారి పాతబస్తీ వైపు వెళితే పురానాపూల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కూరగాయల బేరాల సందడి మధ్య అదో వంతెన అన్న సంగతే గుర్తురాదు. మంచి సర్వర్ కూడా అంతే. అది ఉన్నట్టే మనకు తెలియకూడదు. మిగతావన్నీ పోయిన రోజున మాత్రం... అది ఉండాలి!